డిస్కు చేతులు మారే హక్కు: గేమ్ కన్సోల్ సంస్థలకు ఒక బహిరంగ లేఖ

గేమ్ కన్సోళ్లు తయారుచేస్తున్న సంస్థల యాజమాన్యాలకు, వాటికి గేములు అందిస్తున్న ప్రచురణ సంస్థలకు,

నమస్కారం.

మీ యంత్రాల మీద ఆడుతూ పెరిగినవాళ్లలో నేనొకణ్ణి. ఆ కృతజ్ఞత నాకుంది, దాని గురించి ఇంతకన్నా చెప్పను. 2013 జూన్ 19న ఒక కన్సోల్ సంస్థ తన ఆంక్షలను వెనక్కి తీసుకున్నప్పుడు గేమర్లకు దక్కిందనుకున్న హక్కు, అంటే కొన్న గేమును ఇతరులకు ఇచ్చే, తిరిగి అమ్మే హక్కు, ఆ తర్వాతి సంవత్సరాల్లో ఏ ప్రకటనా లేకుండానే కొంచెం కొంచెంగా చేజారిపోతోంది. దాన్ని తిరిగి అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఇదే విషయమై మీలో ఒక సంస్థ వినియోగదారుల సేవా విభాగానికి నేను మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకే జవాబు, కామా కూడా మారకుండా వచ్చింది. నా అభిప్రాయం వారికి ఎంతో విలువైనదట. ఇక అందరి ముందూ అడగడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

ఇప్పటి కొనుగోలుదారుల్లో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు కనుక, జరిగినదేమిటో ముందు చెప్పవలసి ఉంది. మైక్రోసాఫ్ట్ 2013 మే 21న తన కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌ను పరిచయం చేసింది. కొన్న గేమును ఇతరులకు ఇవ్వడం, తిరిగి అమ్మడం గురించి ఆ సంస్థ ప్రతినిధులు కొన్నాళ్లపాటు తలో మాటా చెప్పిన తర్వాత, జూన్ 6న నియమాలు లిఖితపూర్వకంగా వెలువడ్డాయి. మన కన్సోల్ 24 గంటలకు ఒకసారైనా ఇంటర్నెట్‌కు అనుసంధానం కావాలి. వేరొకరి కన్సోల్‌లో మన గేములు ఆడుతుంటే గంటకోసారి కావాలి. ఆ గడువు దాటితే గేము ఆగిపోతుంది, సినిమా డిస్కులు మాత్రం నిక్షేపంగా నడుస్తాయి. డిస్కును స్నేహితుడికి ఇచ్చేయవచ్చు గాని, ఆ స్నేహితుడు మన స్నేహితుల జాబితాలో కనీసం 30 రోజులుగా ఉండి తీరాలి, పైగా ఒక గేమును జీవితంలో ఒక్కసారే అలా ఇవ్వగలం. తిరిగి అమ్మాలంటే ఒప్పందం కుదిరిన దుకాణంలోనే అమ్మాలి, అదీ ప్రచురణ సంస్థ ఒప్పుకుంటేనే. చదివి ఇచ్చేస్తానని పుస్తకం పట్టుకెళ్లినట్టు గేమును అరువు తీసుకోవడం, అద్దెకు తెచ్చుకోవడం విడుదలనాటికి కుదరవని కూడా అందులోనే ఉంది. ఇన్నింటికీ బదులుగా ఒక వరం ఇచ్చారు. కుటుంబ సభ్యులుగా నమోదైన పదిమంది వరకు ఒకరి గేముల లైబ్రరీని మరొకరు ఏ ఎక్స్‌బాక్స్ వన్ నుంచైనా ఆడుకోవచ్చు.

నాలుగు రోజుల తర్వాత, జూన్ 10న, లాస్ ఏంజెలెస్‌లో ఈ3 అనే గేముల ప్రదర్శన సందర్భంగా సోనీ తన కొత్త కన్సోల్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లో ఒకరు వాడిన పాత గేములపై ఏ ఆంక్షా ఉండదనీ, ఆన్‌లైన్ తనిఖీ ఉండదనీ ప్రకటించగానే సభ చప్పట్లతో మారుమోగింది. ధర 399 డాలర్లని చెప్పినప్పుడు మరోసారి మారుమోగింది, ఎందుకంటే ఎక్స్‌బాక్స్ వన్ ధర 499 డాలర్లని అదే రోజు పొద్దున తెలిసింది. గేమును ఇంకొకరికి ఎలా ఇవ్వాలో నేర్పుతున్నట్టుగా సోనీ ఒక చిన్న వీడియో కూడా విడుదల చేసింది. అందులో ఒకాయన గేము పెట్టె అందిస్తాడు, ఇంకొకాయన అందుకుని కృతజ్ఞత చెబుతాడు, వీడియో అయిపోతుంది. నిడివి అరనిమిషం కూడా లేదు. ఆ వీడియోకు నవ్వని గేమర్ లేడు. అదే వారంలో ఎక్స్‌బాక్స్ విభాగానికి నాయకత్వం వహిస్తున్న డాన్ మాట్రిక్, ఇంటర్నెట్ దొరకనివాళ్ల కోసం తమ దగ్గర పాత కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 ఉందని ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఆ మాటతో జనం కోపం రెట్టింపయింది. దూరదేశాల స్థావరాల్లోనూ యుద్ధనౌకల్లోనూ నెలల తరబడి ఉండే సైనికులు, తమకు ఈ యంత్రం ఎందుకూ పనికిరాదని అప్పటికే గోల పెడుతున్నారు.

జూన్ 19న అదే మాట్రిక్ పేరుతో ప్రకటన వచ్చింది. మొదటిసారి అమర్చుకునేటప్పుడు ఒక్కసారి ఇంటర్నెట్‌కు కలిపితే చాలు, రోజువారీ తనిఖీ ఉండదు. డిస్కులను ఎక్స్‌బాక్స్ 360లో మాదిరే ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అద్దెకు తెచ్చుకోవచ్చు. గేములకు ప్రాంతాలవారీ ఆంక్షలూ ఉండవు. దానికి మూల్యంగా డిస్కులో కొన్న గేము ఆడేటప్పుడు డిస్కు లోపలే ఉండాలి, పదిమంది కుటుంబ పంపకం రద్దవుతుంది. రెండు వారాలైనా తిరక్కముందే మాట్రిక్ మైక్రోసాఫ్ట్‌ను వదిలి జింగా అనే గేముల సంస్థకు వెళ్తున్నట్టు ప్రకటన వెలువడింది.

ఆ రోజు గేమర్లు స్పందించిన తీరును మీరు ఏకగ్రీవమైన విజయోత్సవంగా గుర్తుపెట్టుకున్నారని నా అనుమానం. అది పొరపాటు. సంతోషించినవాళ్లు ఎక్కువమందే, నేనూ వాళ్లలో ఉన్నాను. మనది మనకు తిరిగి ఇచ్చినందుకు మెచ్చుకోవడం దేనికని ముఖం చిట్లించినవాళ్లూ ఉన్నారు. పెట్టె విప్పగానే దించుకోవలసిన ఒక అప్‌డేట్‌తో తొలగిపోయే ఆంక్ష, ఇంకో అప్‌డేట్‌తో తిరిగి రాదని నమ్మకమేమిటని అడిగినవాళ్లు మూడోరకం. ఇక నాలుగో రకంవాళ్లు, పదిమంది పంపకం పోయిందని బాధపడినవాళ్లు. మొదట వాగ్దానం చేసిన ఎక్స్‌బాక్స్ వన్‌నే మాకు ఇవ్వండని ఆన్‌లైన్‌లో వినతిపత్రం పెడితే వేలమంది సంతకాలు చేశారు. మిగిలిన గేమర్లు వాళ్లను వెక్కిరించారు. సంకెళ్లు కావాలని అర్జీ పెట్టుకునేవాళ్లు కూడా ఉంటారా అని నేనూ నవ్వాను.

ఇప్పుడు ఆలోచిస్తే, అందరికన్నా ముందుచూపుతో మాట్లాడింది వాళ్లేనేమో అనిపిస్తోంది. డిస్కుల కాలం ఎలాగూ ముగుస్తుందని, ముగిసేలోపే డౌన్‌లోడ్ గేములను పంచుకునే హక్కు సంపాదించుకోవాలని వాళ్లు అన్నారు. మేము డిస్కును కాపాడుకున్నామని పండగ చేసుకున్నాం. 2019 మేలో డిస్కు పట్టని ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ వచ్చింది. 2020 నవంబరులో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, పీఎస్5 డిజిటల్ ఎడిషన్ వచ్చాయి, అవీ డిస్కు పట్టనివే. 2024 నవంబరులో 699.99 డాలర్లకు వచ్చిన పీఎస్5 ప్రోలో డిస్కు డ్రైవ్ లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి; కొన్న డ్రైవ్‌ను కన్సోల్‌కు జతచేయడానికి ఒకసారి ఇంటర్నెట్ ఉండాలి. ఈసారి వేదిక మీద నిలబడి ఎవరూ ఆంక్ష విధించలేదు, అందువల్ల వెనక్కి తీసుకోవాలని అడగడానికి నిర్దిష్టమైన ఆంక్షంటూ ఏదీ కనబడదు. 2013లో గేమర్లు ఎదిరించిన నియమాలన్నీ ఒక కాగితం మీద ఉండేవి. ఇప్పటివి యంత్రం ఆకారంలోనే కలిసిపోయి ఉన్నాయి. డిస్కు పట్టే చోటు లేకపోతే 24 గంటల నియమంతో పనేముంది?

దీనివల్ల మామూలు ఆటగాళ్లకు జరుగుతున్నదేమిటో ఈ కింద రాస్తున్నాను.

1. అరువు ఆగిపోతోంది. నా దగ్గరున్న పాత గేము పెట్టెల్లో ఒకదాని మూత లోపల ఒక కాగితం ముక్క ఇంకా ఉంది. దాని మీద ఎవరికి ఎప్పుడు ఇచ్చానో పెన్సిల్‌తో రాసుకున్న పేర్లు, తిరిగి వచ్చాక కొట్టివేసిన గీతలు, ఒక పేరు దగ్గర మాత్రం గీత లేకుండా రెండుసార్లు సున్నా చుట్టి ఉంటుంది. డిస్కు వెనక వైపు ఎవరి ఇంట్లోనో పడిన సన్నని గీత ఉంది, మూడో అంకం మొదట్లో చిత్రం క్షణంసేపు ఆగడానికి అదే కారణమని మా బృందంలో అందరికీ తెలుసు. ఆ జాబితాలో ఏడు పేర్లున్నాయి. ఏడుగురిలో నలుగురు ఆ గేము రెండో భాగాన్ని కొత్తదే, పూర్తి ధర పెట్టి కొన్నారు. మొదటి భాగం వాళ్ల చేతికి అరువుగా రాకపోయి ఉంటే కొనేవాళ్లు కాదు. ఏడు సార్లు ఆడిన గేముకు మీకు ఒక్క ధరే ముట్టిందని మీ లెక్కల్లో ఉండవచ్చు. నా లెక్కలో అది ఐదు అమ్మకాలు. చేతిలో డబ్బు ఆడని వయసులో ఉన్నవాళ్లు ఈ ఆటల లోకంలోకి ప్రవేశించేది ఎక్కువగా ఈ దారినే. ఆ దారిని మూసివేసి, ఆ తర్వాత కొత్త ఆటగాళ్లు రావడం లేదని మీరు బాధపడటం నాకు వింతగా ఉంటుంది.

2. నా అలమరాలో నలభైకి పైగా డిస్కులు వృథాగా ఉన్నాయి. పాత కన్సోల్ పాడయ్యాక, తొందరపడి డిస్కు డ్రైవ్ లేని కొత్తదాన్ని కొన్నాను. ఆ తప్పు కొంతవరకు నాదే. ఆ డిస్కుల గేములు కొత్త యంత్రంలో చక్కగా నడుస్తాయి, కాని వాటిని డౌన్‌లోడ్ రూపంలో మళ్లీ కొనాలి. డిస్కులు చూపించి, తనిఖీ చేయించుకుని, అవసరమైతే వాటిని మీకే అప్పగించి, డౌన్‌లోడ్ హక్కు పొందే మార్గం ఏదైనా ఉందా అన్నదే నేను మూడుసార్లు అడిగిన ప్రశ్న.

3. కొన్న వస్తువు ఎప్పటివరకు మనదో తెలియడం లేదు. ప్రచురణ సంస్థ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ది క్రూ అనే రేసింగ్ గేము సర్వర్లను ఆపేసింది; ఒంటరిగా ఆడదలచినవాళ్లకు కూడా, డిస్కు కొని దాచుకున్నవాళ్లకు కూడా అది ఆ రోజుతో నడవకుండా పోయింది. ఎక్స్‌బాక్స్ 360 ఆన్‌లైన్ దుకాణం 2024 జూలై 29న మూతపడింది. అమ్మేటప్పుడు 'కొనండి' అన్న బొత్తాం పెట్టి, తర్వాత అది లైసెన్సు మాత్రమేనని చెప్పే పద్ధతి ఎంత ముదిరిందంటే, కాలిఫోర్నియా రాష్ట్రం దానికోసం ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ డిజిటల్ వస్తువులు అమ్మేవారు, ఇచ్చేది లైసెన్సేనన్న సంగతిని కొనేవారికి స్పష్టంగా చెప్పాలి.

4. ఇంటర్నెట్ ఎప్పుడూ ఉంటుందన్న ఊహ మీద కట్టిన ఇల్లు ఎలా కూలుతుందో మీరు నాకన్నా ఎక్కువసార్లు చూశారు. 2011 ఏప్రిల్‌లో హ్యాకింగ్ వల్ల సోనీ ఆన్‌లైన్ సేవ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ మూడు వారాలకు పైగా మూతపడింది. 2013 మార్చిలో సిమ్‌సిటీ అనే గేము విడుదలైనప్పుడు, సర్వర్లు తట్టుకోలేక, ఒంటరిగా నగరం కట్టుకుందామనుకున్నవాళ్లు కూడా వరుసలో నిలబడి వేచి చూడవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ దాదాపు ఒక రోజంతా పనిచేయలేదు. 2013 నాటి ఎక్స్‌బాక్స్ నియమాలే గనుక అమల్లో ఉండి, అలాంటి అంతరాయం 24 గంటలు దాటి ఉంటే, ఇళ్లలో ఉన్న డిస్కులన్నీ ఒకేసారి మూగబోయేవి.

మీ వైపు వాదన నాకు తెలియక కాదు. పాత డిస్కు చేతులు మారినప్పుడల్లా దుకాణానికి లాభం వస్తుంది, గేము తయారుచేసినవాళ్లకు పైసా రాదు. ఇది నిజమే, ఈ ఫిర్యాదులో న్యాయం ఉంది. అయితే ఈ నష్టాన్ని పూడ్చుకోవడానికి మీరు చేసిన ప్రయత్నాలను కొనుగోలుదారులు ఎలా చూశారో కూడా గుర్తుంచుకోవాలి. పాత డిస్కు కొన్నవాళ్ల నుంచి ఆన్‌లైన్ ఆటకు విడిగా రుసుము వసూలు చేసే ఆన్‌లైన్ పాస్ పద్ధతిని 2010లో తెచ్చిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థే, 2013 మేలో దాన్ని మానుకుంది. పాత గేము అమ్మగా వచ్చిన డబ్బు చాలామంది చేతుల్లో మళ్లీ కొత్త గేముగానే మారుతుంది. అమెరికాలో చట్టబద్ధంగా కొన్న ప్రతిని కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1908లోనే గుర్తించింది. సాఫ్ట్‌వేర్‌ను అద్దెకివ్వడాన్ని 1990లో అక్కడి చట్టసభ కాంగ్రెస్ నిషేధించినప్పుడు కూడా, కన్సోల్ గేములను ఆ నిషేధం నుంచి ప్రత్యేకంగా మినహాయించింది. డౌన్‌లోడ్‌ను అమ్మకం అనకుండా లైసెన్సు అంటే ఆ హక్కులేవీ వర్తించకుండా పోతాయన్నది మీ న్యాయవాదులకు తెలుసు, కొనుగోలుదారుకు తెలియదు. ఈ తేడా వల్ల కలిగే లాభమంతా ఒక్క పక్షానికే పోతోంది.

పంపకం సాంకేతికంగా కష్టమన్న మాట మాత్రం దయచేసి చెప్పవద్దు. ఎక్స్‌బాక్స్ ఆంక్షలు వెనక్కి వెళ్లిన మూడు నెలలకే, 2013 సెప్టెంబరులో, వాల్వ్ సంస్థ, కంప్యూటర్ గేములు అమ్మే తన ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో గేముల లైబ్రరీని కుటుంబంతో, స్నేహితులతో పంచుకునే పద్ధతిని ప్రకటించింది. 2024లో దాన్ని ఇంకా మెరుగుపరిచి, ఒకే ఇంట్లో ఆరుగురు వేర్వేరు గేములను ఏకకాలంలో ఆడుకునే వీలు కల్పించింది. మరో కన్సోల్ సంస్థ నింటెండో 2025లో డౌన్‌లోడ్ గేమును కుటుంబ బృందంలోని మరొకరికి రెండు వారాలపాటు అరువిచ్చే ఏర్పాటు తెచ్చింది. రెండు వారాలు కాగానే గేము దానంతటదే యజమాని దగ్గరికి వచ్చేస్తుంది. నా కాగితం ముక్క మీద సున్నా చుట్టిన ఆ మిత్రుడి విషయంలో ఇది నిజంగా గొప్ప సౌకర్యమని ఒప్పుకుంటాను. డిస్కు స్వేచ్ఛ కావాలంటే పదిమంది పంపకం వదులుకోవాలని 2013లో పెట్టిన బేరం, అప్పటికే అనవసరమైనదని వీటిని చూస్తే తెలుస్తుంది. గేమర్లు ఆ బేరాన్ని నిజమని నమ్మి రెండు వర్గాలుగా చీలి ఒకరినొకరు తిట్టుకున్నారు. రెండూ ఇవ్వగలిగినవారు మాత్రం పక్కన నిలబడి చూశారు.

కాబట్టి, మీ ముందు ఈ కోరికలు ఉంచుతున్నాను.

1. రాబోయే తరం కన్సోళ్లలో, కనీసం ఒక నమూనాలోనైనా, డిస్కు డ్రైవ్ లోపలే అమర్చి అమ్మాలి. విడిగా అమ్మే డ్రైవ్ ఇంటర్నెట్ అవసరం లేకుండా పనిచేయాలి. మీ సర్వర్లు ఆగిపోయిన ఇరవై ఏళ్లకు పాత వస్తువుల దుకాణంలో ఆ డ్రైవ్ కొన్నవాడు కూడా దాన్ని వాడుకోగలగాలి.

2. డౌన్‌లోడ్ గేములను అరువిచ్చే ఏర్పాటు ప్రతి కన్సోల్‌లోనూ ఉండాలి. 2013లో మీలో ఒకరే వాగ్దానం చేసిన పదిమంది పరిమితి దీనికి మంచి ప్రారంభం. ఒక గేమును ఒక సమయంలో ఒక్కరే ఆడాలన్న షరతు పెడితే మాకు అభ్యంతరం లేదు. డిస్కు కూడా అంతే కదా. కుటుంబమంటే ఒకే ఇంట్లో ఉండేవాళ్లని మాత్రం పట్టుబట్టవద్దు. చదువులకూ ఉద్యోగాలకూ విడిపోయిన అన్నదమ్ములకే ఈ పంపకం అందరికన్నా ఎక్కువ అవసరం.

3. పంపకం, అమ్మకం, ఇంటర్నెట్ తనిఖీలకు సంబంధించి కొన్ననాడు ఏ నియమాలు ఉన్నాయో, ఆ యంత్రం మీద అవే చివరిదాకా ఉండాలి. వాటిని కొనుగోలుదారుకు నష్టం కలిగేలా తర్వాత మార్చబోమని వాడుక షరతుల్లో ఒక్క వాక్యం రాయండి. 2013 జూన్ ప్రకటనను ఎంతోమంది గేమర్లు నమ్మలేకపోవడానికి కారణం ఆ వాక్యం లేకపోవడమే.

4. ఒంటరిగా ఆడే గేములకు సర్వర్ తనిఖీ అవసరమైతే, సర్వర్ ఆపే రోజున ఆ తనిఖీని తొలగించే అప్‌డేట్ తప్పనిసరిగా ఇవ్వాలి.

5. డిస్కులు ఉన్నవాళ్లకు, డ్రైవ్ లేని కన్సోల్‌కు మారేటప్పుడు తగిన రుజువుతో డౌన్‌లోడ్ హక్కు ఇచ్చే పద్ధతి ఏర్పాటు చేయాలి. దీనికి కొంత రుసుము పెట్టినా చెల్లిస్తాం.

ఒకవేళ వీటిలో ఏదైనా సాధ్యం కాదనుకుంటే, ఎందుకు కాదో మీ తర్వాతి కన్సోల్‌ను ప్రకటించేలోపు, ముందస్తు బుకింగులు తెరవకముందే, బహిరంగంగా చెప్పండి. 2013లో ఆ కన్సోల్ ఇంకా దుకాణాలకు రాలేదు, జనం డబ్బు ఇంకా జేబుల్లోనే ఉంది, అందువల్లే వాళ్ల మాట చెల్లింది. ఈసారి కూడా కొనడానికి ముందే అడుగుతున్నాం.

ఈ లేఖ ప్రతిని నా పాత ఫిర్యాదుకే జతచేసి, నాలుగోసారి, ఆ వినియోగదారుల సేవా విభాగానికి కూడా పంపుతున్నాను. జవాబు ఈసారి ఒక మనిషి రాస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
అలమరాలో డిస్కులున్న ఒక కొనుగోలుదారు